కోహోలింట్ దీవికి మళ్లీ వెళ్లాలంటే: పాత గేమ్‌బాయ్ ఆటను తిరిగి ఆడే పద్ధతి

చిన్నప్పుడు సగంలో వదిలేసిన ఆటను గానీ, ఒకసారి పూర్తిచేసి మరిచిపోయిన ఆటను గానీ మళ్లీ చేతిలోకి తీసుకోవాలనుకునేవారికి కోహోలింట్ అనే దీవిలో సాగే 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: లింక్స్ అవేకెనింగ్' మంచి ఎంపిక. నింటెండో సంస్థ దీనిని 1993లో గేమ్‌బాయ్ అనే తన చేతి ఆట యంత్రం కోసం విడుదల చేసింది. 1998లో రంగులు చేర్చి, ఒక గుహను అదనంగా పెట్టి 'డీఎక్స్' పేరుతో మళ్లీ తెచ్చింది. 2019లో స్విచ్ అనే తన మరో యంత్రం కోసం బొమ్మలన్నీ కొత్తగా గీయించింది. ఈ వ్యాసం మొదటి రెండింటి గురించి, అంటే అసలు క్యాట్రిడ్జ్‌ను (ఆట ఉండే చిన్న ప్లాస్టిక్ డబ్బాను) అసలు యంత్రంలోనే ఆడదలచినవారి కోసం. క్యాట్రిడ్జ్ లేనివారికి దారి మూసుకుపోలేదు. 2023 ఫిబ్రవరి నుంచి డీఎక్స్ ఆట స్విచ్ ఆన్‌లైన్ చందాదారులకు అందుబాటులో ఉంది.

యంత్రాన్ని ఆన్ చేయడానికి ముందే ఆలోచించవలసినది క్యాట్రిడ్జ్ లోపలి సెల్ గురించి. ఆటలో మనం దాచుకున్న ప్రగతి ఒక చిన్న మెమరీ చిప్‌లో ఉంటుంది. కరెంటు ఆగిన క్షణంలో అన్నీ మరిచిపోయే రకం చిప్ అది. యంత్రం ఆపి ఉన్నప్పుడు దానికి ప్రాణం పోసేది నాణెం ఆకారంలోని 3 వోల్టుల లిథియం సెల్. పాతికేళ్లు దాటిన క్యాట్రిడ్జ్‌లో ఆ సెల్ నేడో రేపో అన్నట్టు ఉంటుంది. ఆట చక్కగా మొదలవుతుంది, చక్కగా ఆడనిస్తుంది, మర్నాడు చూస్తే మాత్రం పేరుతో సహా ఏమీ ఉండదు. కాబట్టి ముందుగా ఏదో ఒక పేరుతో కొత్త ఆట మొదలుపెట్టి, సేవ్ చేసి, యంత్రాన్ని ఆపి రెండు రోజుల తరువాత చూడండి.

పేరు నిలవకపోతే సెల్ మార్చాలి. క్యాట్రిడ్జ్ వెనుక ఉండే మర మామూలు స్క్రూడ్రైవర్‌కు లొంగదు, 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్ కావాలి. లోపలి సెల్ మీద ఉన్న సంఖ్యను చూసి అదే సంఖ్య గల సెల్ కొనాలి: సీఆర్ 2025 అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం అని అర్థం. గడియారాలు బాగుచేసే దుకాణంలో సాదా సెల్ దొరుకుతుంది గానీ మనకు కావలసింది రెండు వైపులా లోహపు రేకులు అతికించి ఉన్నది. దానిని ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే సులువు. సాదా సెల్‌కు నేరుగా సోల్డరింగ్ చేస్తే వేడికి అది పగిలే ప్రమాదం ఉంది, టేపు చుట్టి నొక్కిపెడితే కదిలినప్పుడల్లా పట్టు తప్పుతుంది.

నల్లగొండలో క్లాక్ టవర్ పరిసరాల్లో మొబైల్ ఫోన్లు బాగుచేసేవారిలో చేయి తిరిగినవారికి ఇది పది నిమిషాల పని. అయితే పని అప్పగించే ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పాత సెల్ ఊడగానే అందులోని సేవ్ పోతుంది. నేను ఆ మాట చెప్పకుండా ఒక దుకాణంలో ఇచ్చి, మా అన్న ఎప్పుడో చివరి గుహ దాకా తెచ్చిన ఆటను పోగొట్టుకున్నాను. తప్పు బాగుచేసినవారిది కాదు. మీ క్యాట్రిడ్జ్‌లో పాత సేవ్ ఇంకా బతికే ఉంటే, క్యాట్రిడ్జ్ రీడర్ అనే చిన్న పరికరంతో దానిని కంప్యూటర్‌లోకి తీసుకుని, సెల్ మార్చాక తిరిగి ఎక్కించవచ్చు.

శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్ల చాలు. చిన్నప్పటి అలవాటుగా నోటితో ఊదకండి, ఉమ్మి తడికి రాగి గీతలు తుప్పు పడతాయి.

ఇక యంత్రం. అసలు గేమ్‌బాయ్‌కు నాలుగు పెన్సిల్ సెల్లు, గేమ్‌బాయ్ కలర్‌కు రెండు కావాలి. గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ చార్జింగ్ యంత్రం, తెరకు సొంత వెలుగు ఉంది, ఈ పాత క్యాట్రిడ్జ్‌లనూ స్వీకరిస్తుంది. దాని తరువాత నింటెండో తెచ్చిన డీఎస్ యంత్రం మాత్రం స్వీకరించదు. డీఎక్స్ క్యాట్రిడ్జ్ పాత నలుపు తెలుపు యంత్రంలోనూ ఆడుతుంది గానీ అందులో అదనంగా చేర్చిన రంగుల గుహ తెరుచుకోదు. నా ఓటు గేమ్‌బాయ్ కలర్‌కే. దాని తెరకు సొంత వెలుగు లేదన్నది లోపమని అందరూ అంటారు. మన పాలమూరు, నల్లగొండ ఎండలో మధ్యాహ్నం పూట వరండాలో కూర్చుంటే ఆ లోపమే సుగుణమవుతుంది. వెలుగున్న తెర ఎండలో వెలవెలబోతుంది, ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో యంత్రాన్ని కారులో వదిలేయవద్దు, ముఖ్యంగా ఎస్పీని. పాత బ్యాటరీ ఉబ్బి ఉంటే చార్జింగే పెట్టవద్దు.

ఆట మొదలుపెట్టేటప్పుడు పక్కన గళ్ల నోటుబుక్కు ఒకటి ఉంచుకోండి. కోహోలింట్ దీవి మొత్తం నిలువున 16, అడ్డంగా 16 తెరల గడి. నోటుబుక్కులో అంతే గీస్తే ప్రతి గడిలో చూసింది రాసుకోవచ్చు. సెలెక్ట్ నొక్కితే ఆటలోనే పటం వస్తుంది కదా అనవచ్చు, కానీ ఏ రాయిని ఇంకా ఎత్తలేకపోయామో, ఏ గుంటను దాటలేకపోయామో ఆ పటం చెప్పదు. రెండోసారి ఆడేవారిని ఇబ్బంది పెట్టేది రాక్షసులు కారు, సగం గుర్తున్న సంగతులు. 'ఇక్కడేదో ఉండాలి' అని వెదికి వేసారడం కంటే రాసుకుని ముందుకు సాగడం మేలు. దారి చూపే వెబ్ పేజీలను మొదటి మూడు గుహల వరకైనా తెరవకండి.

గవ్వల విషయంలో ఒక కిటుకు ఉంది. దీవిలో మొత్తం 26 గవ్వలుంటే, మేలైన కత్తికి 20 చాలు. చేతిలో సరిగ్గా ఐదు ఉన్నప్పుడు ఒకసారి, పది ఉన్నప్పుడు మరోసారి గవ్వల భవనానికి వెళితే ఒక్కొక్కటి ఉచితంగా వస్తుంది. సంఖ్య దాటిపోయాక వెళితే రాదు. ఆటలోని దుకాణంలో విల్లు ధర 980 రూపీలు (ఆటలో చెల్లే డబ్బు). యజమాని వెనుకకు చేరి డబ్బివ్వకుండా తప్పించుకోవచ్చు, కానీ ఆ తరువాత దీవిలో అందరూ మిమ్మల్ని 'థీఫ్' అనే పిలుస్తారు, మళ్లీ అక్కడ కాలు పెడితే యజమాని ప్రాణం తీస్తాడు. ఒక్కసారీ చావకుండా ఆట ముగించినవారికే దీవిలోని మారిన్ అనే అమ్మాయి కనిపించే అదనపు ముగింపు దక్కుతుంది కనుక ఆ విల్లు అగ్గువకు వచ్చినట్టేమీ కాదు.

సేవ్ చేయడానికి ఏ, బీ, స్టార్ట్, సెలెక్ట్ నాలుగూ ఒకేసారి నొక్కాలి. తిరిగి వచ్చినప్పుడు ఆట నిలిచిన చోటు నుంచి కాక, చివరిగా దాటిన గుమ్మం దగ్గర నుంచి మొదలవుతుంది. నల్లగొండ నుంచి హైదరాబాదు బస్సులో ఆడేవారు ఎల్బీ నగర్ రాకముందే ఈ పని ముగించుకోవాలి, లేకపోతే గుహలో సంపాదించిన తాళంచెవి దిగే హడావుడిలో పోతుంది.

ఆట ముగిసే చోటైన పెద్ద గుడ్డు లోపలి దారిని పాత నోటుబుక్కులో చూసి నడవవద్దు. ఆ దారి ప్రతి కొత్త ఆటకూ మారవచ్చు, గ్రామ గ్రంథాలయంలోని పుస్తకంలో ఉంటుంది, దానిని చదవడానికి ఇచ్చిపుచ్చుకోవడాల గొలుసు చివర దొరికే భూతద్దం కావాలి. ఆ గొలుసు ఆటలోని బొమ్మలు ఎత్తే యంత్రంలో దొరికే యోషి అనే బొమ్మతో మొదలవుతుంది కాబట్టి దానిని మొదటి రోజే తీసుకోండి. పుస్తకంలో కనిపించిన దిక్కులను ఈ ఆట పేరు కిందే, పెన్సిల్‌తో రాసుకోండి.