అర్థం కాని చోట దేవునికి లోబడడం ఎలా

దేవుని మాట బుద్ధికి అందనప్పుడు ఏ వరుసలో నడవాలో తెలియాలంటే యిర్మీయా 32వ అధ్యాయాన్ని ఒకే కూర్చున్న పాటున చదవండి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది. ప్రవక్త యిర్మీయా కావలిలో బందీగా ఉన్నాడు. అలాంటప్పుడు తన సొంత ఊరు అనాతోతులో పొలం కొనమని దేవుని వాక్కు వచ్చింది. శత్రువు చేతికి పోబోయే నేలకు ఎవరైనా వెండి పోస్తారా?

ముందు ఆ మాట దేవునిదేనా అని తేల్చుకోండి. యిర్మీయా కూడా తన పినతండ్రి కొడుకు హనమేలు తనంతట తాను వచ్చి పొలం కొనమని అడిగాకే అది యెహోవా వాక్కని గ్రహించాడు (8వ వచనం). మనకు కొలత వ్రాయబడిన వాక్యమే. ఒక్క వచనాన్ని విడదీసి పట్టుకోకుండా ముందూ వెనకా అధ్యాయాలు చదవండి. అపవాది యేసును శోధించినప్పుడు వాడుకున్నది 91వ కీర్తననే (మత్తయి 4:6). కల వచ్చినా, ఎవరైనా ప్రవచించినా, మనసులో గట్టి ప్రేరణ కలిగినా, అది వాక్యానికి విరుద్ధమైతే అక్కడితో ఆపేయండి. విరుద్ధం కాకపోయినా, మీ నిర్ణయం వల్ల తమకేమీ లాభం లేని ఇద్దరు పరిణతిగల విశ్వాసులకు చెప్పి, వాళ్లతో కలిసి ప్రార్థించండి.

మందులు మానెయ్యమనో, అప్పు చేసైనా కానుక ఇమ్మనో, ఇంట్లో చెప్పొద్దనో విశ్వాసం పేరిట ఒత్తిడి చేసేవాళ్లకు లోబడకండి. జబ్బుపడిన రాజు హిజ్కియా బాగుపడతాడని చెప్పిన యెషయా ప్రవక్తే పుండుకు అంజూరపు ముద్ద కట్టమన్నాడు (యెషయా 38:21).

తర్వాత కాగితం మీద రెండు వరుసలు గీయండి. ఒకదానిలో స్పష్టంగా ఉన్న ఆజ్ఞ, రెండోదానిలో అర్థం కానిది. "క్షమించాలి" అన్నది మొదటి వరుసలోకి వస్తుంది. "ఆ అన్యాయాన్ని దేవుడు ఎందుకు జరగనిచ్చాడు" అన్నది రెండోదానిలోకి. (క్షమించడమంటే కొట్టే మనిషి దగ్గరికి తిరిగి వెళ్లడం కాదు.) మొదటి వరుసలోంచి ఈ వారమే చేయగలిగిన ఒక్క పని ఎంచుకోండి.

ఎంచుకున్నదాన్ని పూర్తిగా చేయండి. యిర్మీయా 17 తులముల వెండి తూచి ఇచ్చాడు, సాక్షులను పెట్టి క్రయపత్రానికి ముద్ర వేయించాడు, దాన్ని మట్టికుండలో భద్రపరచమని తన లేఖకుడు బారూకుకు అప్పగించాడు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: సగం లోబడి మిగతాది సొంత తెలివితో నింపుతారు. తాను వచ్చేదాకా ఆగమని సమూయేలు ప్రవక్త చెప్పినందుకు రాజు సౌలు గిల్గాలులో 7 రోజులూ ఆగాడు. జనం చెదిరిపోతుంటే భయపడి బలి తానే అర్పించాడు, అది ముగిసీ ముగియగానే సమూయేలు వచ్చాడు (1 సమూయేలు 13). కొడుకు పుడతాడన్న దేవుని వాగ్దానం విషయంలో అబ్రాముది కూడా ఇలాంటి తొందరే. దాసి హాగరు ద్వారా ఇష్మాయేలు పుట్టేనాటికి ఆయనకు 86 ఏళ్లు, వాగ్దాన పుత్రుడు ఇస్సాకు పుట్టింది 100వ ఏట.

ఇక మిగిలిన ప్రశ్నను దాచుకోకండి. యిర్మీయా పత్రం అప్పగించాకే తన అయోమయాన్ని ప్రార్థనలో దేవుని ముందు పెట్టాడు (16-25). దేవుడు ఆయన్ని గద్దించి నోరు మూయించలేదు, జవాబిచ్చాడు. మీకు మాటలు రాకపోతే 13వ కీర్తన పైకి చదవండి, ఆరే వచనాలు. "ఎంతకాలం" అన్న చోట మీ రెండో వరుసలోని ప్రశ్న చెప్పండి.

జవాబుకు గడువు పెట్టకండి. ఆ దేశంలో మళ్లీ పొలాలు కొంటారని దేవుడు మాట ఇచ్చాడు గానీ, యిర్మీయా ఆ పొలాన్ని అనుభవించినట్టు బైబిల్లో ఎక్కడా లేదు. మీకూ ఫలితం కనిపించకపోతే చేసిన పనిని వెనక్కి తీసుకోవద్దు. ప్రశ్నను కొట్టెయ్యకుండా ఉంచి, మొదటి వరుసలోని తర్వాతి పని మొదలుపెట్టండి.