పట్టణ భద్రత, నాలుగో పాఠం: బల్ల చుట్టూ డ్రిల్

గత పాఠంలో జనం గుమికూడే చోట్లన్నిటికీ ముప్పు, బలహీనత, జరగగల నష్టం అనే మూడు పద్దుల్లో 1 నుంచి 5 వరకు మార్కులు వేసి, మూడింటినీ హెచ్చించాం. ఆ జాబితాలో మొదట నిలిచిన చోటు ఈ పాఠానికి చాలు. చాలా పట్టణాల్లో అది బస్టాండే.

టేబుల్‌టాప్ డ్రిల్ అంటే ఆ చోట పేలుడు లాంటి ప్రమాదం జరిగితే ఎవరేం చేయాలో బల్ల చుట్టూ కూర్చుని మాటల్లో సాధన చేయడం. ఇందులో సైరన్ మోగదు, ఎవరూ పరుగెత్తరు. బల్ల మీద పెద్ద మ్యాపు, చుట్టూ నిర్ణయం తీసుకోగలవాళ్లు, రెండు గంటల సమయం ఉంటే చాలు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. అందుకని పిలుపు ఆ ఆఫీసు నుంచే వెళ్లాలి. డీఎస్పీ, మున్సిపల్ కమిషనర్, ఫైర్ ఆఫీసర్, 108 ప్రతినిధి, ప్రభుత్వాసుపత్రి సూపరింటెండెంట్, కరెంటు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్), ఆర్టీసీ డిపో మేనేజర్ తప్పనిసరి. ఈ చివరాయనను తరచూ మర్చిపోతారు. లోపలున్న బస్సులను కదిలించమని డ్రైవర్లకు చెప్పగలిగేది ఆయనే.

డ్రిల్‌లో ఒక్కొక్కటిగా చదివి వినిపించడానికి పది పన్నెండు చీటీలు ముందే రాసుకోండి. ఒక్కో చీటీలో సమయం, అప్పటికి తెలిసిన ఒకే ఒక్క సంగతి ఉండాలి. మొదటిది: ‘సాయంత్రం 7:00. ప్లాట్‌ఫాం దగ్గర పెద్ద శబ్దం, పొగ అని 112కు ఫోను.’ బాంబు అన్న మాట రాయొద్దు. అసలు రోజున కూడా అది సిలిండరో, ట్రాన్స్‌ఫార్మరో, బాంబో మొదటి నిమిషాల్లో తేలదు. ‘మేం చూసుకుంటాం’ అన్న జవాబు చెల్లదు. ఎవరు, ఏ వాహనంలో, ఏ దారిన, ఎన్ని నిమిషాల్లో అని అడిగి రాయించండి. ఆ జవాబులు రాసే మనిషి చర్చలో పాల్గొనకూడదు.

7:10 చీటీలో రెండో ప్రమాదం తప్పక ఉండాలి. 2007 ఆగస్టు 25న హైదరాబాద్‌లో లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర ఒకే సాయంత్రం బాంబులు పేలాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు ఒకటి దొరికింది. 2013 ఫిబ్రవరి 21న అదే దిల్‌సుఖ్‌నగర్‌లో నిమిషాల తేడాతో రెండు పేలుళ్లు జరిగాయి. అందుకే అంబులెన్సులు, ఫైరింజన్లు ఆగే చోటును ముందు పోలీసులు తనిఖీ చేశారా అని అడగండి. చాలాసార్లు ఆ ప్రశ్నకు బల్ల దగ్గర మౌనమే వస్తుంది. అన్ని వాహనాలనూ ఒకే గేటు ముందు నిలిపితే దారి మూసుకుపోతుంది, రెండోది పేలితే సాయానికి వచ్చినవాళ్లే పోతారు. ఒక దారిన లోపలికి, ఇంకో దారిన బయటికి అని మ్యాపు మీద బాణాలు గీయించండి.

7:20కి క్షతగాత్రులు. చికిత్స ఎవరికి ముందో తేల్చడానికి వాళ్లను రంగులతో వేరుచేసే లెక్క అందరికీ తెలియాలి. నడవగలిగినవాళ్లు ఆకుపచ్చ. నడవలేనివాళ్లలో ఊపిరి నిమిషానికి 30 దాటినా, గోరు నొక్కి వదిలాక రంగు తిరిగి రావడానికి 2 సెకన్లు మించినా, చెప్పిన మాట చేయలేకపోయినా ఎరుపు, అంటే ముందు చికిత్స వీళ్లకే. ఈ మూడూ లేకపోతే పసుపు. గొంతు దారి సరిచేసినా ఊపిరి లేకపోతే నలుపు.

ఇక్కడే ప్లాన్లు ఎక్కువగా దెబ్బతింటాయి. చిన్న దెబ్బలవాళ్లు ఆటోల్లో దగ్గరి ఆసుపత్రికి ముందే చేరిపోతారు. ఎరుపు కేసులు వచ్చేసరికి అక్కడ మంచం ఉండదు. ఆకుపచ్చ వాళ్లను ఇంకో ఆసుపత్రికి పంపే బాధ్యత ఎవరిదో పేరుతో సహా రాయండి. రక్తం నిల్వ ఎన్ని యూనిట్లో సూపరింటెండెంట్ ఊహించి చెబితే ఒప్పుకోకండి, అక్కడి నుంచే బ్లడ్ బ్యాంకుకు ఫోను చేయించండి.

చివరి చీటీలు మూడు: మొబైల్ నెట్‌వర్కు ఆగిపోయింది, ప్రముఖులు పరామర్శకు బయల్దేరారు, బంధువులు ఆసుపత్రి గేటు ముందు గుమికూడారు. రెండో చీటీకి నవ్వుతారు, కానీ కాన్వాయ్ కోసం ఆపిన రోడ్డులోనే అంబులెన్సు ఇరుక్కుంటుంది.

అభ్యాసం: మీ బస్టాండు మ్యాపు మీద లోపలి దారి, బయటి దారి, వాహనాలు ఆగే చోటు, చుట్టూ జనాన్ని ఆపే రెండు కట్టడి గీతలు గీయండి. తర్వాత సాయంత్రం 7 గంటలకు అక్కడికి వెళ్లి, ఆ దారుల్లో తోపుడు బండ్లు ఎక్కడ నిలుస్తున్నాయో గుర్తు పెట్టుకు రండి. వచ్చే పాఠంలో ఆ మ్యాపుతోనే క్షేత్రస్థాయిలో మాక్ డ్రిల్ చేస్తాం.