గ్రిమ్ కథని కోనసీమలో ఫోన్‌తో సినిమా తీయాలంటే

ముందు ఏ కూర్పులోని కథ తీస్తున్నారో తేల్చుకోండి. జర్మన్ జానపద కథలు సేకరించిన యాకోబ్, విల్‌హెల్మ్ గ్రిమ్ అన్నదమ్ములు వాటి మొదటి సంపుటం 1812లో వేశారు, ఏడో కూర్పు 1857లో వచ్చింది, ఈలోపు కథలు బాగా మారిపోయాయి. స్నోవైట్‌ని చంపించాలని చూసింది మొదట్లో కన్నతల్లే, 1819 కూర్పుకి సవతితల్లి అయింది. నన్నడిగితే సినిమాకి పాతదే బలం. మూలకథలకి కాపీరైట్ లేదు, కొత్త అనువాదాలు, డిస్నీ వేషాలు మాత్రం ముట్టుకోకండి.

కథలు సేకరించినవాళ్లనీ చూపించండి. అన్నదమ్ములు ఊరూరా తిరిగారనుకుంటాం గానీ, చాలా కథలు వాళ్లింటికి వచ్చినవాళ్లు చెప్పినవే. జర్మనీలోని కాసెల్‌లో కూరగాయలు అమ్ముకునే డొరొతేయా వీమన్ రాసుకోవడానికి వీలుగా నెమ్మదిగా, మళ్లీ అడిగితే అదే మాటల్లో చెప్పేదట. ఆవిడ తెర మీద ఉండి తీరాలి.

తీయడానికి నీడబొమ్మలు చాలు. జర్మన్ దర్శకురాలు లొట్టె రైనిగర్ 1922లోనే సిండ్రెల్లా కథని అలా తీశారు. కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మల కళాకారులున్నారు, కీళ్లు ఎలా అతకాలో వాళ్ల దగ్గర నేర్చుకోండి, ఊరికే కాదు, డబ్బులిచ్చి. రెండు స్టూళ్ల మీద అద్దం పెట్టి, దానిమీద ట్రేసింగ్ పేపర్ పరిచి, కింద ఎల్‌ఈడీ బల్బు వెలిగించండి. నల్ల అట్టబొమ్మకి మోచేతి దగ్గర సన్నటి తీగ ముడి వేస్తే చెయ్యి తిరుగుతుంది. ఫోన్‌ని అద్దానికి పైన కదలకుండా బిగించి, ఫోకస్ లాక్ చేయండి. బొమ్మని కొంచెం కొంచెం జరుపుతూ, జరిపినప్పుడల్లా ఒక ఫొటో తీయండి. ఫ్యాన్ ఆపాల్సిందే, గాలికి బొమ్మ జరిగితే షాట్ పోయినట్టే. సెకనుకి 12 ఫొటోలంటే నిమిషానికి 720, అందుకే అమ్మమ్మ గొంతుతో కథ ముందే రికార్డ్ చేసుకుని, ఆ నిడివికి తగ్గట్టు ఫొటోలు లెక్కేసుకోండి.