పైథాన్‌లో థ్రెడ్లు పంచుకునే క్యూపై లూప్‌ను సురక్షితంగా నడపడం ఎలా?

ఒక ఫోల్డర్ నిండా ఉన్న పెళ్లి ఫోటోల సైజు తగ్గించే ప్రోగ్రామ్ రాస్తున్నారనుకోండి. ఒక థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో మిగతా వాటితో పాటు ఏకకాలంలో నడిచే పని) ఫైళ్ల పేర్లు ఏరి క్యూలో, అంటే ముందు వేసింది ముందు బయటికొచ్చే వరుసలో, వేస్తుంది. నాలుగు థ్రెడ్లు వాటిని అందుకుని పని చేస్తాయి. జాబితా మీద నడిపినట్టే ఈ క్యూ మీదా ‘ఫర్’ లూప్ నడపాలనిపిస్తుంది. పైథాన్‌తో పాటు వచ్చే ‘క్యూ’ మాడ్యూల్ అందుకు ఒప్పుకోదు, టైప్ ఎర్రర్ ఇస్తుంది. అలా ఒప్పుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఈ క్యూ థ్రెడ్లకు సురక్షితం అంటే అర్థం ఒక్కో ‘పుట్’ (లోపల వేయడం), ఒక్కో ‘గెట్’ (బయటికి తీయడం, ఖాళీగా ఉంటే ఏదైనా వచ్చేవరకు ఎదురుచూడటం) విడివిడిగా సురక్షితమనే. లూప్ అంటే ఎన్నో గెట్‌ల వరుస. ఆ వరుస ఎక్కడ ముగియాలో క్యూ తనంతట తాను చెప్పలేదు, మనమే నిర్ణయించాలి.

1. చూడాలా, తీసుకోవాలా?

క్యూలో ఏమేం ఉన్నాయో చూసి ఊరుకోవడం ఒక పని. ఒక్కోదాన్నీ బయటికి తీసి వాడుకోవడం మరో పని. ఈ రెండింటికీ ఒకే లూప్ పెడితే, లూప్ ముగిశాక క్యూ ఖాళీ అయిందో లేదో కోడ్ చదివేవారికి అర్థం కాదు. వేర్వేరు పేర్లతో రెండు ఫంక్షన్లు రాయండి.

2. ‘ఖాళీగా ఉందా?’ అని అడిగి అడుగు వేయకండి

చాలామంది రాసే లూప్ ఇది: ‘ఎంప్టీ’ కానంతవరకు గెట్ పిలుస్తూ ఉండు. దీన్ని దగ్గరగా చూడండి. క్యూలో ఒక్క ఫోటో మిగిలింది. మొదటి థ్రెడ్ ఖాళీగా ఉందా అని అడిగింది, లేదని జవాబు వచ్చింది. అది గెట్ పిలిచేలోపే రెండో థ్రెడ్ కూడా అడిగింది, దానికీ అదే జవాబు. మొదటిది ఫోటో తీసుకుంది. రెండోది గెట్ దగ్గర ఎదురుచూస్తూ ఉండిపోయింది. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ముగియదు. పది సార్లు బాగా నడిచి పదకొండోసారి ఆగిపోయే తప్పు ఇది.

ఇంకో వైపు నుంచి కూడా ఇది దెబ్బతీస్తుంది. పేర్లు వేసే థ్రెడ్ కాస్త నెమ్మదిస్తే క్యూ క్షణకాలం ఖాళీ అవుతుంది. పని చేసే థ్రెడ్లు అంతా అయిపోయిందనుకుని వెళ్లిపోతాయి, ఫోటోలు మిగిలిపోతాయి. గెట్‌కు టైమ్‌అవుట్ పెట్టి, గడువు దాటితే లూప్ ముగించడం కూడా ఇదే పొరపాటు. ఆలస్యమైందంటే అయిపోయినట్టు కాదు.

3. ముగింపును స్పష్టంగా తెలియజేయండి

పైథాన్ 3.13 నుంచి, అంటే 2024 అక్టోబరు నుంచి, క్యూకు ‘షట్‌డౌన్’ అనే పద్ధతి వచ్చింది. దాన్ని పిలిచాక కొత్తగా పుట్ చేస్తే ‘షట్‌డౌన్’ పేరుతోనే ఉన్న ఎర్రర్ వస్తుంది. గెట్ మాత్రం లోపల మిగిలినవన్నీ ఇచ్చి, ఖాళీ అయ్యాకే అదే ఎర్రర్ ఇస్తుంది. ఎదురుచూస్తూ ఆగిన థ్రెడ్లు కూడా మేలుకుంటాయి. గో భాషలో మూసేసిన ఛానెల్ మీద లూప్ ఇలాగే ముగుస్తుంది. పేర్లు వేసే థ్రెడ్లు ఒకటికి మించి ఉంటే, అవన్నీ ముగిసేవరకు ప్రధాన థ్రెడ్ ఆగి, ఆ తర్వాతే షట్‌డౌన్ పిలవాలి.

పాత వెర్షన్‌లో పని చేయాలంటే ‘ఇక ఏమీ రావు’ అని తెలిపే ముగింపు గుర్తును క్యూలో వేయాలి. ‘నన్’ను (‘ఏమీ లేదు’ అనే విలువను) గుర్తుగా వాడకండి, అది నిజమైన విలువగా కూడా రావచ్చు. ‘ఆబ్జెక్ట్’తో కొత్తగా ఒకదాన్ని సృష్టించి ‘ఈజ్’తో పోల్చండి. నాలుగు థ్రెడ్లు తీసుకుంటుంటే నాలుగు గుర్తులు వేయండి. ఒకే గుర్తును తీసిన థ్రెడ్ తిరిగి క్యూలో వేసే పద్ధతీ ఉంది గానీ, నాకు నచ్చదు: చివరి గుర్తు లోపలే మిగిలి ‘జాయిన్’ (క్యూలో వేసినవన్నీ పూర్తయ్యేవరకు ఆగే పద్ధతి) ఎప్పటికీ ముగియదు. ప్రాధాన్యం ప్రకారం ఇచ్చే ప్రయారిటీ క్యూలో అయితే ఇలాంటి గుర్తును మిగతా విలువలతో పోల్చడం కుదరక టైప్ ఎర్రర్ వస్తుంది, అక్కడ పోల్చదగిన గుర్తే కావాలి.

4. జనరేటర్‌లో చుట్టండి

ఇప్పుడు లూప్ రాయవచ్చు. జనరేటర్ (విలువలను ఒక్కొక్కటిగా ‘యీల్డ్’తో అందించే ఫంక్షన్) లోపల అంతులేని ‘వైల్’ పెట్టండి. గెట్ పిలవండి. షట్‌డౌన్ ఎర్రర్ లేదా ముగింపు గుర్తు వస్తే ‘రిటర్న్’ చేయండి (గుర్తు తీసుకున్నప్పుడు దానికీ ‘టాస్క్ డన్’, అంటే తీసినదాని పని అయిందని జాయిన్ లెక్కకు చెప్పే పద్ధతి, పిలవాలి). వస్తువు వస్తే ‘ట్రై’లో దాన్ని ‘యీల్డ్’ చేసి, ‘ఫైనల్లీ’లో టాస్క్ డన్ పిలవండి. లూప్ తర్వాతి ఫోటో అడిగినప్పుడు ముందటి ఫోటో లెక్క తేలుతుంది. మధ్యలో ‘బ్రేక్’ చేసినా, జనరేటర్ మూతపడగానే లెక్క తేలుతుంది. అది సమయానికి మూతపడాలంటే ‘కాంటెక్స్ట్‌లిబ్’లోని ‘క్లోజింగ్’తో వాడండి. పని విఫలమైనా ఇక్కడ లెక్క తేలిపోతుంది కాబట్టి విఫలమైన ఫైళ్ల పేర్లు వేరే చోట రాసిపెట్టండి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఒకే జనరేటర్‌ను నాలుగు థ్రెడ్లకు పంచకండి. ఒకటి లోపల ఉండగా రెండోది అడిగితే ‘జనరేటర్ ఇప్పటికే నడుస్తోంది’ అని వాల్యూ ఎర్రర్ వస్తుంది. పంచుకోవలసింది క్యూను, జనరేటర్ ఎవరిది వారికే ఉండాలి.

5. చూడటానికి నకలు తీసుకోండి

ప్రస్తుతం ఏవి మిగిలాయో తెరపై చూపాలంటే, క్యూ లాక్‌ను (ఒకసారికి ఒక థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే తాళాన్ని) పట్టుకుని, క్యూ తన వస్తువులు దాచుకునే లోపలి డెక్‌ను జాబితాగా నకలు చేసి, లాక్ వదిలేసి, ఆ నకలు మీద లూప్ నడపండి. లాక్ పట్టుకునే యీల్డ్ చేయడం ప్రమాదం. లూప్‌లోని కోడ్ అదే క్యూలో పుట్ పిలిచిందంటే, తానే పట్టుకున్న లాక్ కోసం తానే ఎదురుచూస్తుంది, ఇక కదలదు. లాక్ లేకుండా డెక్‌పై నడిస్తే, మధ్యలో ఎవరైనా దాన్ని మార్చగానే రన్‌టైమ్ ఎర్రర్ వస్తుంది. నకలు చేతికందేసరికే పాతబడి ఉండవచ్చు, కాబట్టి దాన్ని బట్టి నిర్ణయాలు తీసుకోకండి. ప్రయారిటీ క్యూ నకలు హీప్ క్రమంలో (మొదటిది మాత్రమే కచ్చితంగా ముందుండే అమరికలో) ఉంటుంది, ప్రాధాన్యం వరుస కావాలంటే సార్ట్ చేయాలి.

జావాలో కాంకరెంట్ లింక్డ్ క్యూ ఇటరేటర్ నకలు తీయకుండానే నడుస్తుంది, ఎర్రర్ ఇవ్వదు. అయితే లూప్ మొదలయ్యాక జరిగిన మార్పులు దానికి కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. అదీ చూడటానికే పనికొస్తుంది.

6. పరీక్షించండి

క్యూ గరిష్ఠ పరిమాణాన్ని 1కి తగ్గించండి, థ్రెడ్లను పెంచండి, పేర్లు వేసే థ్రెడ్‌లో అక్కడక్కడా చిన్న విరామాలు పెట్టండి. ప్రతి పేరు సరిగ్గా ఒక్కసారే బయటికొచ్చిందా అని రెండు జాబితాలను సార్ట్ చేసి పోల్చండి. ఒక థ్రెడ్ మధ్యలో బ్రేక్ చేసినప్పుడు మిగతావి పని పూర్తి చేసి, జాయిన్ ముగుస్తోందో లేదో విడిగా చూడండి. పరీక్ష మొత్తానికి గడువు పెట్టండి, లేకపోతే ఆగిపోయిన థ్రెడ్‌తో పాటు పరీక్ష కూడా ఆగిపోతుంది.