కొత్త అక్వేరియం సైకిల్ ఎక్కడ ఆగింది? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

ట్యాంకులో నీళ్ళు పోసి ఒక రోజు ఫిల్టరు తిప్పితే చాలు, చేపలు వదిలేయొచ్చని చాలా దుకాణాల్లో చెబుతారు. అలా వదిలితే వారం తిరక్కుండా ఒక్కొక్క చేపా తేలిపోతుంది. చేపల విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషాలు. నైట్రేట్ మాత్రం వారం వారం కొన్ని నీళ్ళు మారిస్తే అదుపులో ఉంటుంది. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది నీళ్ళలో కాదు, ఫిల్టరు స్పాంజిని, మీడియాని (ఫిల్టరులో నింపే సెరామిక్ ముక్కల్లాంటివి), ఇసుకని అంటిపెట్టుకుని. దాన్ని ట్యాంకులో కుదురుకునేలా చేయడాన్నే సైకిల్ చేయడం అంటారు, అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలు లేకుండా సైకిల్ చేస్తున్న చెన్నై ఇళ్ళలో ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బందులు ఇవి.

ముందు కొలతలు సరిచూసుకోండి, సగం తప్పులు ఇక్కడే మొదలవుతాయి. నీళ్ళున్న మేర పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు 55 లీటర్లని అంటారు కానీ, పైన వదిలిన ఖాళీ, అడుగున ఇసుక పోను 45 లీటర్లే పడతాయి. చేపలు లేవు కాబట్టి బ్యాక్టీరియాకు ఆహారంగా అమ్మోనియాను మనమే వేయాలి. అందుకు అమ్మోనియం క్లోరైడ్ 6 గ్రాములు 100 మి.లీ. తాగే క్యాన్ నీళ్ళలో కరిగించి సీసాలో పెట్టుకోండి. ఇది 100 లీటర్లకు 10 మి.లీ. వేస్తే అమ్మోనియా సుమారు 2 పీపీఎం, అంటే లీటరుకు 2 మి.గ్రా., అవుతుంది. 45 లీటర్లకు సిరంజితో 4.5 మి.లీ. చాలు. పాత్రలకు కళాయి పూసేవాళ్ళు వాడే నవాసారం కూడా ఇదే పదార్థం, కానీ అందులో ఇంకేం కలిసి ఉంటాయో తెలియదు. ల్యాబ్ కెమికల్స్ అమ్మే చోట కొనండి.

పది రోజులైనా అమ్మోనియా కొంచెం కూడా దిగలేదు

మొదట క్లోరిన్‌ను అనుమానించండి. లారీ నీళ్ళలో అది ఎక్కువగా ఉండొచ్చు, అపార్ట్‌మెంటు సంపు కడిగి బ్లీచింగ్ పౌడర్ వేసిన వారం ఇంకా ఎక్కువ. మనుషులకు మేలు చేసే ఆ క్లోరినే ఈ బ్యాక్టీరియాను చంపేస్తుంది. స్విమ్మింగ్ పూల్ క్లోరిన్ కిట్‌తో కొలవండి. లీటరుకు 1 మి.గ్రా. క్లోరిన్ ఉంటే 100 లీటర్లకు 0.7 గ్రాముల హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, సరిపోతుంది. హైపో లేకపోతే బకెట్‌లో ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంపుకు తగిలించే, బుడగలు వదిలే రాయి) వేసి 24 గంటలు ఉంచితే మామూలు క్లోరిన్ పోతుంది, క్లోరిన్‌కు అమ్మోనియా కలిసిన క్లోరమిన్ మాత్రం పోదు.

క్లోరిన్ లేకపోతే, బ్యాక్టీరియా ఇంకా ట్యాంకులోకి సరిగ్గా చేరలేదన్నమాట. ఏడాదిగా ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకు ఉన్నవాళ్ళను అడిగి వాళ్ళ ఫిల్టరు స్పాంజి ముక్క తెచ్చి మీ ఫిల్టరులో పెట్టండి. తడి ఆరకుండా, ఆ ట్యాంకు నీళ్ళతోనే తేవాలి. చెన్నైలో రంగు చేపలు అమ్మే కొళత్తూరు దుకాణాల్లో అడిగితే ఇస్తారు కానీ, చేపలు రోజూ వచ్చిపోయే ట్యాంకు స్పాంజితో జబ్బులు కూడా వస్తాయి. తెలిసినవాళ్ళ ఇంటిదే మేలు.

రెండు వారాలు బాగా దిగింది, తర్వాత ఆగిపోయింది

దీనికి మూలం చాలాసార్లు ఇరవై లీటర్ల క్యాన్. చేపలకు మంచి నీళ్ళు పోద్దామని ప్రేమతో క్యాన్ నీళ్ళు నింపుతారు. ఆర్వో చేసిన ఆ నీళ్ళలో కేహెచ్, అంటే పీహెచ్‌ను పడిపోకుండా పట్టి ఉంచే కార్బొనేట్ గట్టిదనం, దాదాపు ఉండదు. బ్యాక్టీరియా అమ్మోనియాను మార్చేటప్పుడు యాసిడ్ పుడుతుంది, ఆ యాసిడ్ కేహెచ్‌ను తినేస్తుంది. 2 పీపీఎం అమ్మోనియా పూర్తిగా మారితే సుమారు 0.6 డిగ్రీల కేహెచ్ ఖర్చవుతుంది. ఆరు డోసులు వేశారంటే మూడున్నర డిగ్రీలు పోయాయి. ఉన్నదే ఒకటి రెండు డిగ్రీలైతే పీహెచ్ 6 కిందికి జారిపోతుంది, అక్కడ ఈ బ్యాక్టీరియా దాదాపు పని మానేస్తుంది. చచ్చిపోదు, ఆగిపోతుంది. అందుకే ట్యాంకు ఖాళీ చేసి మళ్ళీ మొదలుపెట్టొద్దు.

పీహెచ్ కొలవండి. 6.5 కంటే తక్కువుంటే 100 లీటర్లకు 3 గ్రాముల వంటసోడా వేస్తే కేహెచ్ ఒక డిగ్రీ పెరుగుతుంది. నాలుగు డిగ్రీలు కావాలంటే 12 గ్రాములు, రెండు రోజుల్లో రెండు విడతలుగా. లేదా సగం నీళ్ళు తీసి బోరు నీళ్ళు పోయండి. చెన్నైలో చాలా చోట్ల బోరు నీళ్ళు గట్టివి, ఇంట్లో కుళాయి చుట్టూ తెల్లగా పేరుకునే పూత చూస్తే తెలుస్తుంది. సముద్రం దగ్గర బోరుల్లో ఉప్పు కూడా ఎక్కువుంటుంది, నాలుక మీద ఉప్పగా తగిలితే వాటిని వాడొద్దు.

మెట్రో వాటర్, అంటే నగర కుళాయి నీళ్ళు, పోసేవాళ్ళు ఒకసారి కొలిచి వదిలేయకూడదు. ఆ నీళ్ళు పుళల్, చెంబరంబాక్కం చెరువుల నుంచి, కండలేరు నుంచి వచ్చే కృష్ణా నీళ్ళ నుంచి, వీరాణం చెరువు నుంచి, మీంజూరు, నెమ్మేలిలో సముద్రపు నీటిని శుద్ధి చేసే ప్లాంట్ల నుంచి వస్తాయి. ఏ నెల ఏ నీళ్ళు ఎక్కువ కలుస్తాయో దాన్ని బట్టి మీ కుళాయిలో కేహెచ్ మారుతుంది.

అమ్మోనియా సున్నా, నైట్రైట్ టెస్టు రంగు మాత్రం వారాల తరబడి ముదురు ఊదాలోనే

ఎక్కువమంది ఓపిక నశించి చేపలు వదిలేసేది ఈ దశలోనే. చాలా కిట్లు నైట్రైట్‌ను 5 పీపీఎం దాకానే చూపిస్తాయి. 2 పీపీఎం అమ్మోనియా మారితే 5 పీపీఎం పైగా నైట్రైట్ వస్తుంది. రోజూ డోసు వేస్తూ పోతే అది 30, 40కి చేరినా గొట్టంలో రంగు అదే ఊదా. దిగుతున్నా మీకు కనబడదు.

గొట్టంలో 0.5 మి.లీ. ట్యాంకు నీళ్ళు, 4.5 మి.లీ. క్యాన్ నీళ్ళు పోసి టెస్టు చేయండి. వచ్చిన అంకెను 10తో గుణించండి. 20 దాటితే సగం నీళ్ళు మార్చండి, బ్యాక్టీరియా స్పాంజిలోనే ఉంటుంది కాబట్టి దానికేం కాదు. ఆ తర్వాత అమ్మోనియా డోసు సగానికి తగ్గించి రెండు రోజులకోసారి వేయండి. క్యాన్ నీళ్ళ ట్యాంకైతే చిటికెడు చేపల మేత నలిపి వేయండి, బ్యాక్టీరియాకు కావలసిన ఫాస్ఫేట్ అందుతుంది. మళ్ళీ కేహెచ్ చూడండి.

నైట్రేట్ అసలు కనబడటం లేదు

నైట్రేట్ కిట్ రెండో సీసాలో పొడి అడుగున పేరుకుంటుంది. సీసాను బల్ల మీద తట్టి, అర నిమిషం గట్టిగా ఊపండి. చుక్కలు వేశాక గొట్టాన్ని ఒక నిమిషం ఊపి, ఐదు నిమిషాలు ఆగి, పగటి వెలుతురులో రంగు చూడండి.

నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి

ఇసుక కడగనిదైతే మొదటి రోజే మసకబారి తర్వాత తేరుకుంటుంది. మూడో రోజు తర్వాత తెల్లబడితే అది వేరే రకం బ్యాక్టీరియా పెరగడం. ఎయిర్ పంపు పెంచి వదిలేయండి.

పూర్తయిన సైకిల్ ఉన్నట్టుండి చెడింది

రెండు ప్రశ్నలు వేసుకోండి. స్పాంజిని కుళాయి కింద కడిగారా? దాన్ని ఎప్పుడూ ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి. కరెంటు గంటల తరబడి పోయిందా? మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టరులో ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చస్తుంది. కరెంటు వచ్చాక లోపలి నీళ్ళు పారబోసి, మీడియాను ట్యాంకు నీళ్ళలో జాడించి, అప్పుడు ఆన్ చేయండి. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. మే నెలలో 32 డిగ్రీల నీళ్ళలో ఆక్సిజన్ ఎలాగూ తక్కువ.

చేపలు వదిలేశారు, పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి

ఆ రోజు మేత ఆపండి. క్లోరిన్ తీసిన నీళ్ళతో సగం మార్చండి, అమ్మోనియా, నైట్రైట్ 0.25 లోపుకు వచ్చేదాకా రోజూ అదే. నైట్రైట్ ఉంటే 100 లీటర్లకు 10 గ్రాముల కల్లుప్పు కరిగించి పోయండి. అందులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల గుండా రక్తంలోకి పోనివ్వదు. చేపలున్న ట్యాంకులో అమ్మోనియా ఉండగా వంటసోడా వేయొద్దు. 30 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7లో మొత్తం అమ్మోనియాలో ఒక శాతం లోపే విషరూపంలో ఉంటుంది, పీహెచ్ 8లో అది ఏడు శాతానికి చేరుతుంది.

చేపలు ఎప్పుడు వదలాలి?

2 పీపీఎం అమ్మోనియా వేసిన 24 గంటలకు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. ఒకసారి కాదు, వరుసగా రెండుసార్లు. తర్వాత ముప్పావు వంతు నీళ్ళు మార్చి, మరునాడే చేపలు తెండి. 45 లీటర్లకు మొదట ఆరు చిన్న టెట్రా చేపలు చాలు. కొనడం ఆలస్యమైతే రెండు రోజులకోసారి సగం డోసు అమ్మోనియా వేస్తూ ఉండండి, లేకపోతే బ్యాక్టీరియా ఆకలికి తగ్గిపోతుంది.