లోకల్‌లో నడుస్తుంది, సర్వర్‌లో నడవదు: జాంగో యాప్ పెట్టేటప్పుడు వచ్చే చిక్కులు

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉండి ఉద్యోగం వెతుక్కునే మనవాళ్లు చాలామంది ఏదో ఒక ఓపెన్ సోర్స్ యాప్‌ను సొంతంగా సర్వర్‌లో పెట్టి ఇంటర్వ్యూలో చూపిస్తుంటారు. మంచి పద్ధతి. ఇక్కడ ఉదాహరణకి, స్నేహితులు తెలుగు పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే చిన్న కేటలాగ్ యాప్ అనుకుందాం. యాప్ రాసింది జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్)లో, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, వెనక యాప్‌ను నడిపే గునికార్న్, ముందు బ్రౌజర్ రిక్వెస్టులను అందుకునే ఇంజిన్‌ఎక్స్, 1 జీబీ ర్యామ్ ఉన్న ఉబుంటు 22.04 సర్వర్. ఎర్రర్ రాగానే నెట్‌లో దొరికిన కమాండ్‌ను పేస్ట్ చేయకండి. ముందు అది ఎక్కడ పుట్టిందో తేల్చుకుంటే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

పేజీ అసలు తెరుచుకోవడం లేదు

బ్రౌజర్ ఏమంటోందో సరిగ్గా చదవండి. చాలాసేపు తిరిగి తిరిగి ‘టైమ్డ్ అవుట్’ అంటే చాలాసార్లు మధ్యలో ఫైర్‌వాల్ అడ్డం పడుతోందని అర్థం. సర్వర్‌లో ఉండే యూఎఫ్‌డబ్ల్యూ (ఉబుంటు ఫైర్‌వాల్), క్లౌడ్ ప్యానెల్‌లో ఉండే సెక్యూరిటీ రూల్స్ రెండూ వేరు. రెండుచోట్లా 80 (హెచ్‌టీటీపీ), 443 (హెచ్‌టీటీపీఎస్) పోర్టులు తెరవాలి. వెంటనే ‘రెఫ్యూజ్డ్’ అంటే దాదాపుగా అక్కడ వినేవాళ్లే లేరు, అంటే ఇంజిన్‌ఎక్స్ లేవలేదు.

రూమ్‌లోని పాత ల్యాప్‌టాప్‌నే సర్వర్‌గా పెట్టాలని చూసేవాళ్లకి ఒక మాట. రౌటర్‌లో కనిపించే బయటి ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, ఆ కనెక్షన్‌కి సొంత పబ్లిక్ ఐపీ లేనట్టే. పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా బయటివాళ్లకి మీ సైట్ అందదు. బయటి సర్వర్ మీదుగా దారి ఇచ్చే టనెల్ వాడాలి, లేదా చిన్న క్లౌడ్ సర్వర్ తీసుకోవాలి.

502 బ్యాడ్ గేట్‌వే

అందరినీ ఎక్కువ ఏడిపించేది ఇదే. ఇంజిన్‌ఎక్స్ బాగానే ఉంది, దాని వెనక ఉన్న గునికార్న్ పలకడం లేదు. ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్‌లో చివరి లైన్ చూడండి. అందులో బ్రాకెట్‌లో ఒక అంకె ఉంటుంది. దాన్ని పట్టుకుంటే చాలు.

అంకె 2 అయితే సాకెట్ ఫైలే (ఇంజిన్‌ఎక్స్, గునికార్న్ మాట్లాడుకునే ఫైల్) లేదు. గునికార్న్ లేవలేదు, లేదా రెండు కాన్ఫిగ్‌లలో పాత్ వేర్వేరుగా రాశారు. 111 అయితే అడ్రస్ ఉంది గానీ అటువైపు ఎవరూ వినడం లేదు. ఈ రెండింటికీ జర్నల్‌సీటీఎల్ అనే లాగ్‌లు చూపే కమాండ్‌తో గునికార్న్ సర్వీస్ లాగ్ తెరవండి. చాలాసార్లు అక్కడ సీక్రెట్ కీ దొరకలేదనో, డేటాబేస్ పాస్‌వర్డ్ లేదనో కనిపిస్తుంది. మీరు చేత్తో నడిపితే నడుస్తుంది, సర్వీస్‌గా పెడితే నడవదు. ఎందుకంటే సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ, మీ టెర్మినల్ సెట్టింగ్‌లు ఉండే బ్యాష్‌ఆర్‌సీని చదవదు. ఆ విలువలన్నీ ఒక ఫైల్‌లో పెట్టి, సర్వీస్ ఫైల్‌లో ఎన్విరాన్‌మెంట్‌ఫైల్ లైన్‌తో దాన్ని చూపించండి. ఆ ఫైల్‌లో లైన్ల ముందు ‘ఎక్స్‌పోర్ట్’ అని రాయకూడదు.

13 అయితే పర్మిషన్ సమస్య. ఉబుంటు 21.04 నుంచి హోమ్ ఫోల్డర్ పర్మిషన్ 750గా మారింది, అంటే ఓనర్‌కీ గ్రూప్‌కీ తప్ప వేరేవాళ్లకి ప్రవేశం లేదు. సాకెట్‌నో స్టాటిక్ ఫైళ్లనో మీ హోమ్ ఫోల్డర్‌లో పెడితే ఇంజిన్‌ఎక్స్ లోపలికి అడుగే పెట్టలేదు. సీఎస్‌ఎస్ లేకుండా పేజీ బోసిగా రావడానికి కూడా ఇదొక కారణం. పాత ట్యుటోరియల్స్ చూసి చేసేవాళ్లు ఇక్కడే పడిపోతారు. సాకెట్‌ను రన్ (/run) ఫోల్డర్‌లోకి, స్టాటిక్ ఫైళ్లను వార్ (/var) ఫోల్డర్‌లోకి మార్చండి. 777 (అందరికీ అన్ని పర్మిషన్లు) మాత్రం ఇవ్వకండి. పని జరుగుతుంది గానీ సర్వర్‌లో ఏ ప్రాసెస్ అయినా మీ ఫైళ్లను మార్చేయగలదు.

డీబగ్ ఆపగానే 400, లాగిన్ దగ్గర 403

400 వస్తే జాంగో సెట్టింగ్స్‌లోని అలోడ్ హోస్ట్స్‌లో మీ డొమైన్ లేదు. హెచ్‌టీటీపీఎస్ పెట్టాక లాగిన్ ఫారమ్ 403 ఇస్తే అవే సెట్టింగ్స్‌లో సీఎస్‌ఆర్‌ఎఫ్ ట్రస్టెడ్ ఆరిజిన్స్ చూడండి. జాంగో 4.0 నుంచి అక్కడ ఉత్త డొమైన్ చాలదు, ముందు హెచ్‌టీటీపీఎస్‌తో సహా రాయాలి. పేజీ ఆగకుండా రీడైరెక్ట్ అవుతుంటే, ఇంజిన్‌ఎక్స్ నుంచి ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్ పంపి, జాంగోలో సెక్యూర్ ప్రాక్సీ ఎస్‌ఎస్‌ఎల్ హెడర్ సెట్ చేయండి.

ఇన్‌స్టాల్ మధ్యలో ‘కిల్డ్’

ర్యామ్ చాల్లేదు. 2 జీబీ స్వాప్ (ర్యామ్‌లా వాడుకునే డిస్క్ జాగా) పెట్టండి, గునికార్న్ వర్కర్లను రెండుకి తగ్గించండి.

పుస్తకం ఫోటో పెడితే 413

ఇంజిన్‌ఎక్స్ మామూలుగా 1 ఎంబీ దాటిన అప్‌లోడ్‌ను తీసుకోదు. దాని కాన్ఫిగ్‌లో క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ పెంచండి.

సర్టిఫికెట్ రావడం లేదు

ఉచితంగా హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలు పద్ధతిలో మీ సైట్‌ను 80 పోర్టులోనే పరీక్షిస్తుంది. 443 ఒక్కటే తెరిస్తే ఫెయిల్ అవుతుంది. ఒకే పేరుకి గంటలో ఐదుసార్లు ఫెయిలైతే కాసేపు ఆపేస్తారు కూడా. అందుకే ముందు ఆ సర్టిఫికెట్ తెచ్చే సర్ట్‌బాట్‌ను డ్రై రన్‌లో (ఉత్త పరీక్షగా) నడిపి చూడండి.

తెలుగు పేర్ల దగ్గర యాప్ తడబడుతోంది

ఇంగ్లిష్ డేటాతో టెస్ట్ చేసినప్పుడు ఇవి బయటపడవు. మన భాష కోసం పెడుతున్న యాప్ మన భాష దగ్గరే ఆగిపోతే ఊరుకోకూడదు.

‘పూల తోట’ అనే పుస్తకం చేర్చగానే 500 వస్తే స్లగ్ (లింక్‌లో పుస్తకం పేరుతో తయారయ్యే ముక్క) చూడండి. జాంగో స్లగిఫై మామూలుగా తెలుగు అక్షరాలన్నీ తీసేస్తుంది, ఖాళీ స్లగ్‌తో లింకే తయారవ్వదు. యూనికోడ్ ఆప్షన్ ఆన్ చేస్తే ఇంకో వింత: గుణింతాలు పోయి ‘పల-తట’ మిగులుతుంది. పైథాన్ దృష్టిలో గుణింతపు గుర్తులు అక్షరాల లెక్కలోకి రావు. ‘కల’, ‘కాలు’ రెండూ ‘కల’ అయిపోయి ఒకదాన్నొకటి ఢీకొంటాయి. నా సలహా, యూఆర్‌ఎల్‌లో పుస్తకం ఐడీ నంబరే పెట్టండి.

కళ్లెదుటే ఉన్న పుస్తకం సెర్చ్‌లో దొరకకపోతే కారణం జెడ్‌డబ్ల్యూఎన్‌జే కావచ్చు. పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు చేర్చే కనిపించని అక్షరం అది, యూనికోడ్‌లో 200సీ. ‘రావ్’ అని ఇద్దరు టైప్ చేస్తే చూపుకి రెండూ ఒకటే, డేటాబేస్‌కి మాత్రం వేరు. జాంగో ఫారమ్ చివరి ఖాళీలను కత్తిరిస్తుంది గానీ దీన్ని ముట్టుకోదు. పేరును ఉన్నదున్నట్టు ఉంచి, సెర్చ్ కోసం వేరే కాలమ్ పెట్టండి. అందులో 200సీ, అలాంటిదే అయిన 200డీ తీసేసి, ఎన్‌ఎఫ్‌సీ (ఒకే అక్షరాన్ని ఒకే కోడ్ రూపంలోకి తెచ్చే యూనికోడ్ పద్ధతి) చేసి దాచండి. ఎన్‌ఎఫ్‌సీ ఎందుకంటే ఐత్వాన్ని ఒక కోడ్‌గానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. యూజర్ టైప్ చేసినదాన్ని కూడా ఇలాగే శుభ్రం చేశాకే వెతకండి.

పోస్ట్‌గ్రెస్ బదులు మైఎస్‌క్యూఎల్ వాడినవాళ్లకి పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా కనిపిస్తే ముందు టేబుల్‌లో నేరుగా చూడండి. అక్కడా ప్రశ్నార్థకాలే ఉంటే అసలు అక్షరాలు పోయినట్టే, బ్యాకప్ నుంచి తెచ్చుకోవాలి. టేబుల్‌నీ కనెక్షన్‌నీ రెండింటినీ యూటీఎఫ్8ఎంబీ4 అనే అక్షర ఎన్‌కోడింగ్‌కి మార్చిన తర్వాతే మళ్లీ ఎక్కించండి.