ఫైబర్ తెగినా రూటర్ రెండో లైనుకు మారడం లేదా? – నా అనుభవం

హనుమకొండలోని మా కార్యాలయానికి రెండు ఇంటర్నెట్ లైన్లు. రోడ్డు తవ్వకాల్లో ఫైబర్ తెగినా సిస్కో రూటర్ రెండోదానికి మారేది కాదు. కేబుళ్లు మార్చాం, రీస్టార్ట్ చేశాం, లాభం లేదు.

మొదటి లైను డిఫాల్ట్ రూట్‌కు (వేరే దారి రాయని ట్రాఫిక్ అంతా వెళ్లే దారి) డిస్టెన్స్, అంటే ప్రాధాన్య అంకె 1, రెండోదానికి 10. చిన్న అంకెదే ప్రాధాన్యం. కానీ మోడెం వెలుగుతున్నంతసేపూ పోర్టు బాగున్నట్టే లెక్క, మొదటి రూట్ కదలదు.

ముందు 8.8.8.8కు (గూగుల్ డీఎన్ఎస్ సర్వర్ చిరునామా) మొదటి లైను గేట్‌వే (బయటికి వెళ్లే ద్వారం) మీదుగానే /32 రూట్, అంటే ఆ ఒక్క చిరునామాకే దారి రాశాను. దీన్ని మాత్రం వదిలేయకండి: లేకపోతే పింగ్‌కు (అవతలి చిరునామా అందుతోందో లేదో చూసే చిన్న సందేశం) రెండో లైను నుంచి జవాబొచ్చి రూట్లు అటూ ఇటూ ఊగుతాయి. తర్వాత ఆ చిరునామాకు ఐపీ ఎస్ఎల్ఏ (రూటరే పదేపదే పరీక్షించే సదుపాయం) పింగ్, దాని ఫలితాన్ని గమనించే ట్రాక్ 1 పెట్టాను. చివరగా పాత డిఫాల్ట్ రూట్ తీసేసి, ట్రాక్ 1 జోడించి మళ్లీ రాశాను. మోడెం వెనకున్న ఫైబర్ తీసి చూస్తే, ట్రాక్ పడిపోగానే 10 అంకె రూట్ పట్టికలోకి వచ్చింది!

రెండో లైనుకు నాట్ (లోపలి చిరునామాలను బయటి చిరునామాగా మార్చే అమరిక) లేకపోతే ఇదొక్కటే చాలదు. ఫైబర్ తెగినప్పుడు 8.8.8.8 అందదు కనుక డీఎన్ఎస్‌కు (సైట్ల పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే సేవ) వేరే చిరునామా వాడండి. ఇతర కంపెనీల రూటర్లలో ఆదేశాలు వేరు.